వృత్తి విద్యార్హతలు, పెద్దవయసులో విశ్వవిద్యాలయ ప్రవేశం: హైటెక్ సిటీ, సైబరాబాద్ ప్రాంతం

ఐటీఐ, పాలిటెక్నిక్, వొకేషనల్ ఇంటర్, నర్సింగ్ డిప్లొమా వంటి చదువులు పూర్తిచేసి, కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఆ అర్హతతోనే డిగ్రీ చదవడానికి తిరిగి వచ్చేవారు హైదరాబాద్ పడమటి భాగంలో ఎప్పుడూ ఉన్నారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు కలిసిన ఈ ఐటీ నడవాలో వారి సంఖ్య మరింత కనబడుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, సార్వత్రిక విశ్వవిద్యాలయం, శిక్షణ సంస్థలు, డిగ్రీ అడిగే కంపెనీలు అన్నీ ఇక్కడ ఉన్నాయి.

వృత్తి విద్యార్హత విశ్వవిద్యాలయ ప్రవేశానికి పనికొస్తుందా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతం ఇచ్చే సమాధానం సర్టిఫికెట్‌ను బట్టి మారుతుంది. దేనికి ప్రభుత్వం సమాన హోదా ఉత్తర్వో, తక్కువైన సబ్జెక్టులను పూడ్చే బ్రిడ్జి కోర్సో, పార్శ్వ ప్రవేశ (లాటరల్ ఎంట్రీ) పరీక్షో జతచేసిందో అది పనికొస్తుంది. వీటిలో ఏదీ లేని సర్టిఫికెట్ ఎంత మంచి ఉద్యోగం ఇప్పించినా అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఆగిపోతుంది.

పరిభాష, వయసు

బ్రిటన్‌లో 21 ఏళ్లు దాటాక డిగ్రీలో చేరేవారిని ప్రత్యేక వర్గంగా లెక్కిస్తారు. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి వర్గం లేదు. వాడుకలో ఉన్న మాటలు వేరు: ‘గ్యాప్ వచ్చినవాళ్లు’, ‘డిస్టెన్స్ వాళ్లు’, ‘లాటరల్ వాళ్లు’. మొదటి మాట వయసును, రెండోది చదివే పద్ధతిని, మూడోది వచ్చిన దారిని చెబుతాయి.

నిబంధనల్లో వయసు పెద్ద అడ్డు కాదు. తెలంగాణలో పాలిటెక్నిక్ ప్రవేశానికి జరిపే పాలిసెట్‌కు వయోపరిమితి లేదు. ఇంజనీరింగ్ ప్రవేశానికి జరిపే ఎప్‌సెట్‌కు కనీసం 16 ఏళ్లు నిండాలి. గరిష్ఠ పరిమితి లేదు. నలభై ఏళ్ల ఎలక్ట్రీషియన్ కూడా చట్టప్రకారం ఆ పరీక్ష రాయవచ్చు. వయసు పక్కదారిన వస్తుంది: ఫీజు రీయింబర్స్‌మెంటుకు వయసు పరిమితి ఉంటుంది, మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్లకు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతారు.

అసలు గడప వయసు కాదు, ‘టెన్ ప్లస్ టూ’. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఇంటర్మీడియట్ గాని, దానికి సమానమని గుర్తింపు పొందిన చదువు గాని ఉండాలి. వృత్తి విద్యార్హతల చర్చంతా ఈ ‘సమానం’ అన్న మాట చుట్టూనే తిరుగుతుంది. దరఖాస్తుదారు మొదట అడిగే ప్రశ్న కూడా అదే: “దీనికి ఈక్వివలెన్సీ ఉందా?”

నేపథ్యం

ఐటీ రాకముందే హైదరాబాద్ వృత్తి విద్య ఉన్న ఉద్యోగుల నగరం. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ ప్రాంతంలో ఐడీపీఎల్, హెచ్ఎంటీ, తూర్పున ఈసీఐఎల్, దక్షిణాన కంచన్‌బాగ్‌లో బీడీఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఐటీఐ, డిప్లొమా చదివినవారిని వేలాదిగా తీసుకున్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం వల్ల శిక్షణకూ ఉద్యోగానికీ మధ్య ఒక మెట్టు ఏర్పడింది. ఈ ఉద్యోగుల్లో పైకి ఎదగాలనుకున్నవారికి పదోన్నతి జాబితాలో డిగ్రీ కావలసి వచ్చింది.

దీనికోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం డిప్లొమా ఉన్న ఉద్యోగులకు సాయంకాలం బీఈ తరగతులు నడిపింది. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కమ్ కాంటాక్ట్ పద్ధతిలో బీటెక్ ఇచ్చింది. వాడుకలో దాన్ని ‘సీసీసీ’ అనేవారు. జంటనగరాల యువతకు ఉపాధి కోసం 1978లో ఏర్పడిన సెట్విన్ చిన్నకాలపు వృత్తి కోర్సులు నేర్పింది. ఆ సర్టిఫికెట్లు పనికి దారి చూపాయి గాని డిగ్రీకి మెట్టుగా రూపొందలేదు. చదువు మెట్టుకూ పని మెట్టుకూ తేడా అప్పటినుంచే కనబడుతోంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం అప్పటికే గచ్చిబౌలిలో ఉంది. కంపెనీలు వస్తూ ‘పదిహేనేళ్ల చదువు’ అన్న షరతును తెచ్చాయి. పది, ఇంటర్, మూడేళ్ల డిగ్రీ కలిపితే పదిహేను. హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, భవన నిర్వహణ, కాల్ సెంటర్ ఉద్యోగాల్లో డిప్లొమాతోనో ఐటీఐతోనో కుదురుకున్నవారికి ఈ పదిహేను అంకె గోడలా నిలిచింది. పెద్దవయసులో చదువుకు తిరిగి రావడానికి ఈ ప్రాంతంలో ఉన్న బలమైన కారణాల్లో ఇది ఒకటి.

గుర్తింపు ఉన్న దారులు

*ఐటీఐ.* రెండేళ్ల ఐటీఐ పూర్తిచేసినవారికి రెండు మెట్లున్నాయి. మొదటిది బడి చదువు వైపు: కేంద్ర శిక్షణ విభాగానికీ, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థకూ 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం, పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చదివినవారు భాషా పరీక్షకు కూర్చుని పన్నెండో తరగతితో సమాన హోదా పొందవచ్చు. ట్రేడ్‌లో వచ్చిన మార్కులు బదిలీ అవుతాయి. ఎనిమిదో తరగతితో ఐటీఐలో చేరినవారికి ఇదే పద్ధతిలో పదో తరగతి హోదా వస్తుంది. రెండో మెట్టు పాలిటెక్నిక్ వైపు: బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి, రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి జరిపే ఎల్‌పీసెట్ రాస్తే డిప్లొమా రెండో సంవత్సరంలో సీటు దొరుకుతుంది.

*పాలిటెక్నిక్ డిప్లొమా.* మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. దీన్నే లాటరల్ ఎంట్రీ అంటారు. జనరల్ అభ్యర్థులకు డిప్లొమాలో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు ఉండాలి. గణితం చదివిన బీఎస్సీ పట్టభద్రులూ ఈ పరీక్ష రాయవచ్చు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నియమం ప్రకారం ఈ సీట్లు మంజూరైన సంఖ్యకు అదనంగా ఉంటాయి, మొదటి సంవత్సరంలో మిగిలిపోయినవి కూడా వీటికి కలుస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో వృత్తి విద్య నుంచి విశ్వవిద్యాలయానికి ఉన్న దారుల్లో అన్నిటికంటే పక్కాగా ఏర్పాటై, ఎక్కువ మంది నడిచిన దారి ఇదే.

*వొకేషనల్ ఇంటర్.* ఇంటర్మీడియట్ బోర్డు నడిపే వొకేషనల్ కోర్సులు పాసైనవారికి ఇంటర్ హోదా ఉంటుంది గాని, సైన్సు డిగ్రీలకూ ఇంజనీరింగుకూ అది ఒక్కటే చాలదు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల్లో గాని జీవశాస్త్రంలో గాని బ్రిడ్జి కోర్సు రాయాలి. ఆ మెమో ఉంటే ఎప్‌సెట్‌కు అర్హత వస్తుంది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సులు చదివినవారు వైద్య అనుబంధ డిగ్రీల వైపు వెళ్లాలన్నా బ్రిడ్జి మెమోనే అడుగుతారు. పదిహేడేళ్ల వయసులో ‘అవసరం లేదులే’ అనుకుని బ్రిడ్జి పేపర్లు రాయనివారు పదేళ్ల తర్వాత వాటికోసమే మళ్లీ ఫీజు కట్టాల్సి వస్తుంది.

*నర్సింగ్.* జీఎన్ఎం డిప్లొమా చేసి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉంది. గచ్చిబౌలి చుట్టూ పెద్ద ఆసుపత్రులు వచ్చాక, ఈ ప్రాంతంలో పనిచేస్తున్న నర్సులకు ఈ కోర్సు ముఖ్యమైన దారి అయింది. డిప్లొమా చదివి పనిచేస్తున్న వ్యక్తికోసమే రూపొందించిన డిగ్రీ కాబట్టి, దీనిలో చేరేవారిని ఇంటర్ గణితమో భౌతికమో అడగరు.

*ఏఎంఐఈ.* 1920లో స్థాపితమై 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇంజనీర్ల సంస్థ, కాలేజీకి వెళ్లకుండానే పరీక్షలు రాసి పట్టభద్ర హోదా పొందే వీలు కల్పించింది. సెక్షన్ ఎ, సెక్షన్ బి పాసైతే బీటెక్‌తో సమానంగా పరిగణించేవారు. ఖైరతాబాద్ విశ్వేశ్వరయ్య భవన్‌లో ఉన్న ఆ సంస్థ కేంద్రం కర్మాగార ఉద్యోగులకు చిరపరిచితం. అయితే 2013 మే 31 వరకు నమోదైనవారికే ఈ సమాన హోదా వర్తిస్తుందని కేంద్రం నిర్ణయించింది. ఉత్తర్వు ఉన్నన్నాళ్లే అర్హతకు విలువ అనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ మరొకటి లేదు: పరీక్ష అదే, సిలబస్ అదే, నమోదు తేదీ మాత్రం వేరు.

ఈసెట్ ప్రశ్నపత్రం: దగ్గరి చూపు

డిప్లొమా ఉన్న ఉద్యోగికి ఈ దారి ఎంత తెరిచి ఉందో ఈసెట్ ప్రశ్నపత్రం చెబుతుంది. మొత్తం 200 ప్రశ్నలు, 200 మార్కులు, 180 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లు. గణితం 50, భౌతికశాస్త్రం 25, రసాయనశాస్త్రం 25, మిగిలిన 100 అభ్యర్థి చదివిన ఇంజనీరింగ్ శాఖ నుంచి. అర్హత మార్కు 25 శాతం, అంటే 50. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆ కనీసం లేదు.

హైటెక్ సిటీ భవనాల్లో పదేళ్లుగా జనరేటర్లు, యూపీఎస్‌లు చూసుకుంటున్న ఎలక్ట్రికల్ డిప్లొమా ఉద్యోగిని ఊహించుకోండి. 100 మార్కుల శాఖ విభాగంలో ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, రక్షణ పరికరాలు అతనికి చేతికి అలవాటైన విషయాలే. గణితం విభాగంలో మాత్రం మాత్రికలు, పాక్షిక భిన్నాలు, సంకీర్ణ సంఖ్యలు, సమాకలనం, అవకలన సమీకరణాలు ఉంటాయి. పనిలో వాటిని ఒక్కసారి కూడా వాడి ఉండడు. నిన్నగాక మొన్న డిప్లొమా పూర్తిచేసిన ఇరవై ఏళ్ల కుర్రవాడికి అవి ఇంకా నోటికి వస్తుంటాయి. 50 మార్కుల గడప దాటడానికి అనుభవం చాలు. మంచి కాలేజీలో సీటుకు కావలసిన ర్యాంకు మాత్రం గణితమే తేలుస్తుంది. పరీక్ష వయసును అడగదు గాని, అది కొలిచేది బడి విడిచి ఎంతకాలమైందో.

ఒకే గోడ లోపల మూడు మెట్లు

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ విషయంలో ప్రత్యేకమైన ఉదాహరణ. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యనూ, వృత్తి సాంకేతిక విద్యనూ కలిపి అందించడం దాని స్థాపన లక్ష్యాల్లోనే ఉంది. అందువల్ల ఐటీఐ, పాలిటెక్నిక్, విశ్వవిద్యాలయ విభాగాలు ఒకే ప్రాంగణంలో ఏర్పడ్డాయి. ఐటీఐ చదివినవారికి పాలిటెక్నిక్‌లో, పాలిటెక్నిక్ చదివినవారికి కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో పార్శ్వ ప్రవేశం ఉంది. మదరసా చదువు నుంచి వచ్చేవారికి బ్రిడ్జి కోర్సులూ ఉన్నాయి.

వేరే చోట ఈ మూడు మెట్లూ మూడు శాఖల చేతిలో ఉంటాయి. ఐటీఐలు కార్మిక, ఉపాధి శాఖ కింద, పాలిటెక్నిక్‌లు సాంకేతిక విద్యా శాఖ కింద, డిగ్రీలు విశ్వవిద్యాలయాల కింద. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు పోవాలంటే ఒక కార్యాలయం ఇచ్చిన కాగితాన్ని మరో కార్యాలయం ఒప్పుకోవాలి. ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఆ ప్రయాణమంతా ఒకే రిజిస్ట్రార్ కిందే సాగుతుంది.

అమీర్‌పేట సర్టిఫికెట్లు

మెట్రోలో హైటెక్ సిటీకి కొన్ని స్టేషన్ల ముందుండే అమీర్‌పేట, ముఖ్యంగా మైత్రీవనం చుట్టుపక్కల వీధులు, ఐటీ శిక్షణకు దేశమంతటా పేరు పొందాయి. జావా, ఒరాకిల్, శాప్, టెస్టింగ్, క్లౌడ్ వంటి కోర్సులు వారాల్లో, నెలల్లో నేర్పుతారు. వీటితో పాటు సిస్కో, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీల సొంత పరీక్షలూ ఉన్నాయి. ఐటీ నడవాలో ఉద్యోగం ఇచ్చేవారు ఎక్కువగా చూసేది ఈ నైపుణ్యాలనే.

విశ్వవిద్యాలయ ప్రవేశం దగ్గర ఇవి ఏ లెక్కలోకీ రావు. అమీర్‌పేటలో ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్న డేటాబేస్ విద్యకు సమాన హోదా ఉత్తర్వు లేదు, బ్రిడ్జి కోర్సు లేదు, పార్శ్వ ప్రవేశమూ లేదు. అదే సమయంలో, ఐటీ కంపెనీ గేటు దగ్గర పెద్దగా పలుకుబడి లేని ఫిట్టర్ ఐటీఐ సర్టిఫికెట్‌కు చదువు నిచ్చెనలో నిర్దిష్టమైన చోటుంది. ఉద్యోగ మార్కెట్‌లో విలువా, విశ్వవిద్యాలయంలో విలువా ఇక్కడ దాదాపు తలకిందులుగా ఉంటాయి.

మధ్యస్థంగా నిలిచేవి కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ కోర్సులు. ఇంతకుముందు డోయెక్ అన్న పేరుతో నడిచిన ఈ వ్యవస్థలో ‘ఓ’, ‘ఏ’, ‘బీ’, ‘సీ’ స్థాయిలు ఉన్నాయి. ప్రైవేటు కేంద్రంలో చదివినా పరీక్ష జాతీయ స్థాయిలో ఉంటుంది. ‘బీ’ స్థాయిని ఎంసీఏకు దీటుగా రూపొందించారు. ప్రైవేటు శిక్షణకు ప్రభుత్వ పరీక్ష జోడిస్తే దాని హోదా ఎలా మారుతుందో చెప్పడానికి ఇది పనికొస్తుంది.

సార్వత్రిక విద్య: అర్హత అడగని తలుపు

వృత్తి సర్టిఫికెట్టూ, ఇంటరూ రెండూ లేనివారికి హైదరాబాదే ఒకప్పుడు దారి చూపింది. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అలాంటిది ఇదే మొదటిది. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రామిరెడ్డి దీని తొలి ఉపకులపతి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దానికీ ఆయనే మొదటి ఉపకులపతి అయ్యారు; తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షత వహించారు. 1991లో ఈ సంస్థకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. జూబ్లీహిల్స్‌లో దుర్గం చెరువుకు దగ్గరగా ఉన్న దీని ప్రాంగణం నుంచి మాదాపూర్ ఐటీ భవనాలు కూతవేటు దూరం.

ఈ విశ్వవిద్యాలయం పేరు పల్లెపల్లెకూ చేరడానికి కారణం అర్హత పరీక్ష. బడి సర్టిఫికెట్ ఏదీ లేకపోయినా, తగిన వయసు నిండినవారు ఆ పరీక్ష పాసైతే డిగ్రీలో చేరవచ్చు. పదో తరగతి తప్పిన మెకానిక్కు, బడి మానేసి పెళ్లయిన గృహిణి, అంగన్‌వాడీ కార్యకర్త, కానిస్టేబుల్ తెలుగు మాధ్యమంలో పాఠాలు చదివి, సెలవు రోజుల్లో దగ్గరి అధ్యయన కేంద్రానికి వెళ్లి, పట్టభద్రులు కావడానికి వీలు కలిగింది.

ఈ తలుపుకు రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, లోపలికి వచ్చినవారికి పై మెట్టు దగ్గర అభ్యంతరం. అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో 2009లో సుప్రీంకోర్టు, మూల డిగ్రీ లేకుండా సార్వత్రిక విధానంలో నేరుగా పొందిన పీజీని ఒప్పుకోలేదు. భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నియమాలు, కనీస విద్యార్హత లేకుండా నేరుగా సార్వత్రిక విధానంలో ఇంటర్ లేదా డిగ్రీ పొందినవారిని లా కోర్సులకు అనర్హులన్నాయి. డిగ్రీ చేతిలో ఉన్నా, దానికింద ఇంటర్ ఏదని అడిగే పరిస్థితి. రెండోది, విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరవిద్యా నిబంధనలు క్రమంగా కఠినమై, 2020 దశకం మొదలయ్యేసరికి డిగ్రీ ప్రవేశానికి పన్నెండేళ్ల చదువు తప్పనిసరిగా మారింది. అర్హత పరీక్ష దారి మూతపడింది.

ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది సార్వత్రిక పాఠశాల. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలోనో, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలోనో ‘ఓపెన్ టెన్త్’, ‘ఓపెన్ ఇంటర్’ పూర్తిచేసి, ఆపైన అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో, ఇగ్నోలోనో చేరడం. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం కూడా మాదాపూర్ పక్కనే కావూరి హిల్స్‌లో ఉంది. ఒక పరీక్షతో అయ్యే పని కొన్నేళ్లకు సాగింది. బదులుగా, చేతికొచ్చే డిగ్రీని పై మెట్టు దగ్గర ఎవరూ ప్రశ్నించరు.

ఉద్యోగం మానకుండా డిగ్రీ

బిట్స్ పిలానీ 1979లో మొదలుపెట్టిన పనితో ముడిపడిన చదువు కార్యక్రమం ఐటీ ఉద్యోగులకు బాగా తెలిసినది. విప్రో 1995లో దానితో కలిసి బీఎస్సీ పట్టభద్రులను ఉద్యోగంలోకి తీసుకుని, పనిచేస్తూనే ఎంఎస్ చదివించే పద్ధతిని తెచ్చింది. తర్వాత హెచ్‌సీఎల్ టెక్‌బీ పేరుతో ఇంటర్ పాసైనవారిని తీసుకుని డిగ్రీకి పంపే పద్ధతి తెచ్చింది. ఈ పథకాల్లో కంపెనీయే విద్యార్థిని విశ్వవిద్యాలయానికి పరిచయం చేస్తుంది. దాంతో పాటు నిర్ణీత కాలం అక్కడే పనిచేయాలన్న ఒప్పందం ఉండవచ్చు.

డిప్లొమా ఉన్న ఉద్యోగులకోసం అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2023–24 నుంచి ప్రత్యేకంగా బీటెక్ తరగతులకు అనుమతిస్తోంది. కనీసం ఏడాది ఉద్యోగానుభవం ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి 50 కిలోమీటర్ల లోపు ఉండాలి. తరగతులు పనివేళలకు తగ్గట్టు సాయంత్రాలు, సెలవు దినాల్లో పెట్టుకోవచ్చు. ఉస్మానియా సాయంకాలం తరగతుల సంప్రదాయం మరో పేరుతో తిరిగి వచ్చినట్టే.

దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టా అమ్మే సంస్థల కథ వేరు. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సాంకేతిక విద్యా మండలి అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలపై 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001–05 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి మళ్లీ పరీక్ష పెట్టమంది. ఆ తర్వాత చేరినవారివి రద్దుచేసింది. చాలామంది అప్పటికే ఆ డిగ్రీతో పదోన్నతి పొందిన ఉద్యోగులు. చదువుకోవాలన్న తపనలో వారి తప్పేమీ లేదు. వారు చదివిన పద్ధతికి అనుమతి లేకపోవడమే వారిని ముంచింది.

క్రెడిట్ల లెక్క

పని చదువునూ బడి చదువునూ ఒకే తక్కెడలో తూచాలన్న ప్రయత్నం 2013 డిసెంబరులో నోటిఫై చేసిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రంతో మొదలైంది. 2014లో వృత్తి నైపుణ్యాల డిగ్రీ బీవోక్ వచ్చింది; ఏడాదికో మెట్టు దగ్గర సర్టిఫికెట్‌తో బయటకు వచ్చి, మళ్లీ చేరే వీలు దానిలో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత, 2023 ఏప్రిల్‌లో జాతీయ క్రెడిట్ చట్రం వెలువడింది. దాని లెక్క సులభం: 30 గంటల నేర్పు ఒక క్రెడిట్, ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. గుర్తింపు పొందిన 360 గంటల శిక్షణ పూర్తిచేసినవారి ఖాతాలో 12 క్రెడిట్లు పడతాయి. పన్నెండో తరగతి ఈ చట్రంలో నాలుగో స్థాయి. పని అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చన్నది దీనిలో కొత్త ఆలోచన.

అయితే క్రెడిట్ పడాలంటే శిక్షణ ఇచ్చిన సంస్థకు గుర్తింపు ఉండాలి, ఆ క్రెడిట్‌ను విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి. మొదటి షరతు దగ్గర అమీర్‌పేట శిక్షణలో ఎక్కువ భాగం ఆగిపోతుంది. రెండో షరతు ప్రతి విశ్వవిద్యాలయపు విద్యామండలి నిర్ణయం.

తెలంగాణ ప్రభుత్వం రెండు వైపుల నుంచి ఈ మెట్లను మార్చే పనిలో ఉంది. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో, టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే రూ. 2,324 కోట్ల పథకం మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో మీర్‌ఖాన్‌పేట దగ్గర యంగ్ ఇండియా నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను దానికి చైర్మన్‌గా నియమించారు. నైపుణ్య సర్టిఫికెట్ మీద విశ్వవిద్యాలయం అన్న ముద్ర పడితే, ఇతర విశ్వవిద్యాలయాలు దాన్ని మెట్టుగా ఒప్పుకుంటాయా అన్నది ఈ ప్రయోగంలో కీలకమైన ప్రశ్న.

ఆటంకాలు

దారి ఉన్నంత మాత్రాన నడక తేలిక కాదు. రెగ్యులర్ బీటెక్‌లో 75 శాతం హాజరు కావాలి. రాత్రి షిఫ్టు చేసే ఉద్యోగికి అది ఉద్యోగం వదులుకోవడంతో సమానం. బోధన ఇంగ్లిష్‌లో ఉంటుంది. తెలుగు మాధ్యమంలో ఐటీఐ చదివినవారికి మొదటి సెమిస్టర్‌లో గణితం కంటే భాషే బరువుగా తోస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి మార్కుల మెమో, టీసీ, బ్రిడ్జి సర్టిఫికెట్ వెతికి పట్టుకోవడం మరో పని. పిల్లలు పుట్టాక చదువు వైపు తిరిగి వచ్చే స్త్రీలకు దూరం, సమయం రెండూ లెక్కే. అందుకే వారిలో చాలామందికి దూరవిద్యే మొదటి ఎంపిక అవుతుంది.

బయటి దేశాలతో పోలిక

బ్రిటన్ 1970 దశకం చివరి నుంచి పెద్దవారికోసం ‘యాక్సెస్’ కోర్సులను పెంచింది. బడి సర్టిఫికెట్ లేనివారు ఏడాదిపాటు విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధమయ్యే డిప్లొమా అది. పెద్దవారిని పదిహేడేళ్ల పిల్లల పరీక్షకు పంపకుండా, వారికోసమే విడిగా మెట్టు కట్టారన్నది దీనిలో గమనించదగ్గ విషయం.

హైటెక్ సిటీ ఉద్యోగులకు ఇంకా దగ్గరి పోలిక అమెరికా. హెచ్-1బీ వీసా నిబంధనల్లో, మూడేళ్ల ప్రత్యేక అనుభవాన్ని ఒక ఏడాది కళాశాల చదువుతో సమానంగా లెక్కించే సూత్రం ఉంది. మూడేళ్ల డిగ్రీ మాత్రమే ఉన్న ఎందరో తెలుగువారు తక్కువైన ఏడాదిని పని అనుభవంతో పూడ్చుకున్నారు. మాదాపూర్‌లో చేసిన పని అక్కడ వీసా కాగితాల్లో చదువుగా లెక్కకు వచ్చింది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో మాత్రం ఇంకా రాలేదు.

అంచనా

ఈ దారులన్నీ పక్కపక్కన పెడితే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వృత్తి విద్యార్హతతో ఇప్పుడు ఎక్కగల మెట్లలో, పనిచేసే పెద్దవారినే దృష్టిలో పెట్టుకుని కట్టినవి రెండే రకాలు: పోస్ట్ బేసిక్ నర్సింగ్ ఒకటి, డిప్లొమా ఉద్యోగుల సాయంకాలం తరగతులు మరొకటి. ఈసెట్, ఎల్‌పీసెట్, బ్రిడ్జి పేపర్లు చదువు ముగించిన వెంటనే రాసే కుర్రవాళ్లకోసం కట్టినవి. పెద్దవారు వాటిని వాడుకోవచ్చు, అంతే. కాబట్టి ఐటీఐ, డిప్లొమా, వొకేషనల్ ఇంటర్ చదివినవారు బ్రిడ్జి పేపర్లు ఆలస్యం చేయకుండా ముగించి, ప్రవేశ పరీక్షను గణితం మరవకముందే రాయడం మేలు. ఆలస్యం చేసినవారికి సర్టిఫికెట్ చెల్లకుండా పోదు. పదేళ్ల తర్వాత వారు రాయాల్సింది మాత్రం అదే పాక్షిక భిన్నాల లెక్క, అదే 54 సెకన్లలో.